నమూనా, మూస, ముద్ర: అణుముద్రిత పాలిమర్ల అంతర్జాతీయ సదస్సులు - భావన పరిణామం, తెలుగు పారిభాషికత

ఉపోద్ఘాతం

వేల్స్ రాజధాని కార్డిఫ్ నగరంలో 2000 సంవత్సరంలో అణుముద్రిత పాలిమర్ల మీద తొలి అంతర్జాతీయ కార్యగోష్ఠి జరిగింది. అంతకు మూడేళ్ల ముందు, 1997లో, ఈ రంగంలో కృషి చేస్తున్నవారు ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడ్డారు. అప్పటి నుంచి దాదాపు రెండేళ్లకొకసారి ఈ సమావేశాలు జరుగుతూ వచ్చాయి. 2008లో జపాన్‌లోని కోబె, 2012లో పారిస్, 2016లో స్వీడన్‌లోని లుండ్, 2018లో జెరూసలేం వీటికి వేదికలయ్యాయి. తొలినాళ్లలో కార్యగోష్ఠి అని పిలుచుకున్న సమావేశం తరువాత సదస్సు అయింది. పేరు మారడం చిన్న విషయమే అయినా, కొద్ది ప్రయోగశాలల చేతినేర్పుగా ఉన్న పని ఒక శాస్త్రశాఖగా నిలదొక్కుకుందనడానికి అది గుర్తు.

ఈ సదస్సులలో కర్బన రసాయన శాస్త్రజ్ఞులు, విశ్లేషణ రసాయన శాస్త్రజ్ఞులు, జీవరసాయన, ఔషధ శాస్త్రాలవారు, సంవేదకాలను రూపొందించే ఇంజనీర్లు ఒకచోట కూర్చుంటారు. ఒకే వస్తువును వీరు తలా ఒక పేరుతో పిలుస్తారు. ఒకరికి అది 'ప్లాస్టిక్ ప్రతిరక్షకం', మరొకరికి 'కృత్రిమ గ్రాహకం', ఇంకొకరికి కేవలం ఒక అధిశోషకం. కార్యక్షేత్రాన్ని బట్టి పేరు మారుతుంది. పేరును బట్టి ఆ వస్తువు నుంచి ఆశించేదీ మారుతుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ఏ పదం ఎంచుకోవాలన్నది నిఘంటువు తిరగేసి తేల్చుకోదగిన సంగతి కాదు. ఇక్కడ ఒక మాట తప్పితే ప్రక్రియే తలకిందులవుతుంది. ఆ సంగతిని నిరూపించడానికి ముందుగా ప్రక్రియను, దాని పుట్టుకను పరిశీలించాలి.

ప్రక్రియా స్వరూపం

చిన్న అణువులు అనేకం గొలుసుగా కలిసి ఏర్పడిన పెద్ద అణువు పాలిమర్. ఆ చిన్న అణువు మోనోమర్. అణుముద్రిత పాలిమర్‌ను తయారుచేసేటప్పుడు ద్రావణంలో మోనోమర్లతో పాటు మరొక పదార్థం కూడా ఉంటుంది. తయారైన పాలిమర్ తరువాత దేనిని గుర్తుపట్టాలో ఆ పదార్థమే అది.

లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్ మోస్‌బాక్ బృందం 1993లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. థియోఫిలిన్ ఉబ్బసానికి వాడే మందు. రక్తంలో అది మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలన్నది వైద్యులు చాలాకాలం పాటించిన నియమం. తక్కువైతే మందు పనిచేయదు, ఎక్కువైతే విషమవుతుంది. కనుక దానిని కొలవాలి. చిక్కేమిటంటే కాఫీలో ఉండే కెఫీన్ దీనికి దాదాపు కవల. రెండింటి అణు నిర్మాణానికీ ఉన్న తేడా ఒకే ఒక్క మిథైల్ సమూహం. థియోఫిలిన్‌లో రెండు, కెఫీన్‌లో మూడు. కాఫీ తాగిన రోగి రక్తంలో రెండూ కలిసే ఉంటాయి.

మోస్‌బాక్ బృందం థియోఫిలిన్‌ను క్లోరోఫాంలో కరిగించి అందులో మెథాక్రిలిక్ ఆమ్లాన్ని కలిపింది. ఆ ఆమ్లం అణువులు థియోఫిలిన్ చుట్టూ చేరి, తమకు అనుకూలమైన చోట్ల హైడ్రోజన్ బంధాలతో దానిని అంటిపెట్టుకుంటాయి. ఈ అమరిక చెదిరిపోకుండా ఉండాలంటే గొలుసులను అడ్డంగా ముడివేసే పదార్థం కావాలి. ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ ఆ పని చేస్తుంది. దానిని మెథాక్రిలిక్ ఆమ్లం కంటే చాలా ఎక్కువ పాళ్లలో కలుపుతారు. చర్య పూర్తయ్యేసరికి ద్రావణం గట్టి ముద్దగా మారుతుంది. దానిని నూరి, జల్లించి, లోపల చిక్కుకున్న థియోఫిలిన్ అంతా పోయేవరకు కడుగుతారు. మిగిలే పొడిలో థియోఫిలిన్ ఉండదు. థియోఫిలిన్ ఉండిన చోట్లు మాత్రం ఉంటాయి. ఆ ఖాళీలకు ఆకారం ఒక్కటే కాదు, లోపలి గోడల మీద సరైన స్థానాలలో సరైన రసాయన సమూహాలు కూడా ఉంటాయి. ఈ రెండో లక్షణమే ముఖ్యం. ఈ పొడితో జరిపిన పరీక్షలో కెఫీన్ అడ్డు తగలడం ఒక శాతం కంటే తక్కువని తేలింది. జంతువుల నుంచి సేకరించిన ప్రతిరక్షకాలతో చేసే పరీక్షకు అది దీటుగా నిలిచింది.

తప్పు సిద్ధాంతం, నిలిచిన పద్ధతి

ఈ ఆలోచన 1993 నాటిది కాదు. 1931లో కీవ్‌లో పనిచేస్తున్న పోల్యకోవ్ సిలికా జెల్‌ను బెంజీన్, టోలీన్, జైలీన్ వంటి పదార్థాల సమక్షంలో ఆరబెట్టాడు. ఏ పదార్థం సమక్షంలో ఆరిన జెల్ ఆ పదార్థాన్నే ఎక్కువగా పీల్చుకోవడం గమనించాడు. ఈ పరిశీలన రష్యన్ పత్రికలో వెలువడింది. పశ్చిమ దేశాలలో దానిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

రెండో మూలం రోగనిరోధక శాస్త్రంలో ఉంది. శరీరంలోకి ఒక పరాయి పదార్థం ప్రవేశిస్తే దానికి సరిగ్గా అతికే ప్రతిరక్షకం ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నకు లైనస్ పౌలింగ్ 1940లో ఒక సమాధానం ప్రతిపాదించాడు. ప్రతిరక్షకపు ప్రోటీన్ గొలుసుకు ముందుగా స్థిరమైన ఆకారం ఉండదనీ, ప్రతిజనకం ఎదురైనప్పుడు దాని చుట్టూ ముడుచుకుని దానికి అనుగుణమైన రూపం పొందుతుందనీ ఆయన వాదన. అంటే ప్రతిజనకం నమూనా, ప్రతిరక్షకం దాని మీద తీసిన పోత. ఇది నిజమైతే ప్రయోగశాలలో జెల్ మీద కూడా ఇలాంటి పోత తీయవచ్చు కదా అన్న తర్కంతో ఆయన శిష్యుడు ఫ్రాంక్ డికీ పని మొదలుపెట్టాడు. మిథైల్ ఆరెంజ్ అనే రంజకాన్నీ, దాని ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ సోదరాలనూ విడివిడిగా సిలికా జెల్‌లో కలిపి, తరువాత కడిగివేశాడు. ప్రతి జెల్ తాను ఏ రంజకం సమక్షంలో తయారైందో దానినే మిగతావాటి కంటే ఎక్కువగా పట్టుకుంది. ఈ ఫలితాలు 1949లో వెలువడ్డాయి.

పౌలింగ్ సిద్ధాంతం నిలవలేదు. 1955లో యెర్నె, 1957లో బర్నెట్ ప్రతిపాదించిన భావనలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. వాటి ప్రకారం శరీరం ప్రతిజనకాన్ని చూసి ప్రతిరక్షకాన్ని పోత పోయదు. ముందే ఉన్న అసంఖ్యాక రకాల నుంచి తగినదానిని ఎంచి, దానిని ఉత్పత్తి చేసే కణాలను పెంచుతుంది. పోత కాదు, ఎంపిక. ఆ విధంగా జీవశాస్త్రంలో తప్పని తేలిన ఊహ రసాయన శాస్త్రంలో పనిచేసే పద్ధతిగా బతికి బట్టకట్టింది. అణుముద్రిత పాలిమర్‌ను 'ప్లాస్టిక్ ప్రతిరక్షకం' అనడం ఈ చరిత్ర తెలిసినవారికి కొంత విడ్డూరంగా తోస్తుంది. చేసే పనిలో రెండింటికీ పోలిక ఉంది, పుట్టుకలో లేదు.

సిలికా ప్రయోగాలు క్రమంగా సన్నగిల్లాయి. 1972లో గుంటర్ వుల్ఫ్, సర్హాన్ కర్బన పాలిమర్లతో ఈ పనిని కొత్తగా ఆరంభించారు. వారి పద్ధతిలో నమూనా అణువును మోనోమర్‌కు సమయోజనీయ బంధంతో కట్టివేసి, పాలిమర్ గట్టిపడిన తరువాత ఆ బంధాన్ని తెంచుతారు. కుడి ఎడమ చేతుల వలె ఒకదానికొకటి ప్రతిబింబాలైన అణువులను ఇలాంటి పాలిమర్ వేరు చేయగలదని వుల్ఫ్ చూపించాడు. 1981లో అర్షాదీ, మోస్‌బాక్ బలమైన బంధం అక్కరలేదనీ, హైడ్రోజన్ బంధం వంటి బలహీన ఆకర్షణలు చాలుననీ నిరూపించారు. తయారీ సులభం కావడంతో ఈ రెండో మార్గమే ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది. 2016లో సదస్సు లుండ్‌కు వెళ్లడమంటే ఒక రకంగా పుట్టింటికి వెళ్లడమే.

ఎవరు మూస, ఎవరు నమూనా

ఇంగ్లీషులో టెంప్లేట్ అనే మాటకు తెలుగులో 'మూస' అనడం వాడుకలో ఉంది. తెలుగు వికీపీడియాలో స్థిరపడినది కూడా ఈ పదమే. పత్రం నింపడానికి ముందే సిద్ధంగా ఉండే చట్రాన్ని మూస అనడంలో ఇబ్బంది లేదు. కానీ అణుముద్రిత పాలిమర్ల సాహిత్యంలో టెంప్లేట్ అంటే థియోఫిలిన్ వంటి అణువు. దానిని మూస అణువు అని అనువదిస్తే పాత్రలు తారుమారవుతాయి.

తెలుగులో మూస అనేది తన లోపల పోసినదానికి ఆకారమిచ్చేది. 'మూసలో పోసినట్లు' అన్న నుడికారం ఆ అర్థం నుంచే వచ్చింది. థియోఫిలిన్ తన లోపల దేనినీ పోయించుకోదు. తానే లోపల ఉండి చుట్టూ ఉన్నదానికి ఆకారమిస్తుంది. ఇక్కడ మూస అనదగినది పాలిమర్. కంచు విగ్రహాలు పోసే శిల్పి మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలోకి లోహం పోస్తాడు. ఆ పనిలో మట్టి మూస. మైనపు బొమ్మ నమూనా. కాబట్టి టెంప్లేట్‌కు 'నమూనా అణువు' అన్నదే యుక్తమైన పదం. దాని మూలంగా ఏర్పడిన ఖాళీని 'కుహరం' అనవచ్చు.

అయితే విగ్రహం పోలిక కూడా కొంతదూరమే వస్తుంది. మట్టి మూసకు ఎంపిక ఉండదు. కంచు పోసినా, ఇత్తడి పోసినా అది కాదనదు. పాలిమర్ కుహరం మాత్రం థియోఫిలిన్‌ను రానిచ్చి కెఫీన్‌ను ఆపాలి. ఆకారం వరకు మూస అన్న మాట సరిపోతుంది, ఎంపికకు సరిపోదు. ఆ రెండో గుణాన్ని సూచించేది 'ముద్ర'. ముద్రకు గుర్తు అనే అర్థం కూడా ఉంది గనుక గుర్తుపట్టడం అనే పని అందులో కొంత ధ్వనిస్తుంది.

'ముద్రణ' అన్న రూపాన్ని ఆశ్రయించకపోవడం మేలు. అది అచ్చుపనికి రూఢమైపోయింది. పైగా త్రిమితీయ ముద్రణ యంత్రాలతో ఈ పాలిమర్లను తయారుచేసే ప్రయత్నాలు కూడా ఉన్నాయి. అప్పుడు ముద్రణతో ముద్రణ చేయడమనే గందరగోళం తప్పదు. ఇంకొక ఇబ్బంది తెలుగు పరిశోధకులకు వెంటనే తడుతుంది. నమూనా అణువు లేకుండా అదే పద్ధతిలో తయారుచేసిన పాలిమర్‌ను పోలిక కోసం వాడతారు. దానిని 'అముద్రిత పాలిమర్' అంటే అచ్చుకాని రాతప్రతి స్ఫురిస్తుంది. 'ముద్రారహిత పాలిమర్' అనడం ఉచితం.

'అణు' శబ్దం విషయంలో సమస్య మరింత లోతైనది. పాఠ్యపుస్తకాలలో అణువు, పరమాణువు వేర్వేరు. వ్యవహారంలో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు వంటి మాటల వల్ల అణువు అనగానే పరమాణు కేంద్రకానికి సంబంధించినదన్న భావన బలపడిపోయింది. 'అణుముద్రిత' అన్న మాటను మొదటిసారి విన్న పాఠకుడు రేడియోధార్మికతను ఊహిస్తే ఆ తప్పు అతనిది కాదు. అయినా శాస్త్ర వ్యాసాలలో పాఠ్యపుస్తకపు అర్థాన్నే పట్టుకుని నిలవడం అవసరం. వ్యవహార భ్రాంతికి తలవంచి ప్రతిచోటా ఇంగ్లీషు మాటనే దించుకుంటే, ఉన్న మంచి పదం కూడా చేజారిపోతుంది.

ఈ పాలిమర్లకు 'జ్ఞాపకం' ఉందని రసాయన శాస్త్రజ్ఞులు తరచు అంటారు. ఆ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. కరిగిన పదార్థాన్ని నీరు గుర్తుంచుకుంటుందన్న ఆధారరహిత వాదం ఒకటి ప్రచారంలో ఉంది. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. నీటి అణువుల మధ్య బంధాలు క్షణక్షణం మారిపోతుంటాయి. పాలిమర్ కుహరం అడ్డబంధాలతో గట్టిపడిన భౌతిక నిర్మాణం. జ్ఞాపకం అన్నది ఇక్కడ కేవలం లక్షణార్థం.

తెగని ప్రశ్నలు

పాలిమర్ ఒక అణువును పట్టుకున్నంత మాత్రాన అది ముద్ర ఫలితమని చెప్పలేము. జిగురుకు దుమ్ము అంటుకోవడం గుర్తుపట్టడం కాదు. అందువల్లనే ముద్రారహిత పాలిమర్‌తో పోలిక తప్పనిసరి. రెండూ పట్టుకున్న మొత్తాల నిష్పత్తిని ముద్రా గుణకంగా లెక్కిస్తారు. కానీ నమూనా అణువు లేనప్పుడు పాలిమర్ గట్టిపడే తీరే మారవచ్చు. రంధ్రాల పరిమాణం, ఉపరితల వైశాల్యం వేరుకావచ్చు. అప్పుడు గుణకం పెద్దదిగా కనిపించినా అందులో ముద్ర వాటా ఎంత, తయారీ తేడా వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. ఒక్క గుణకాన్ని చూపి విజయం ప్రకటించే వ్యాసాల పట్ల ఈ రంగంలోని అనుభవజ్ఞులు సందేహంగా ఉండడానికి కారణం ఇదే.

కుహరాలన్నీ ఒకేలా ఉండవన్నది రెండో చిక్కు. 'అచ్చుగుద్దినట్లు' అన్న తెలుగు నుడికారం ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది. మోనోమర్లు నమూనా అణువును బలహీన ఆకర్షణలతోనే చుట్టుకుంటాయి. కొన్ని పూర్తిగా అమరుతాయి, కొన్ని సగమే అమరుతాయి, చాలా మోనోమర్లు ఎక్కడికీ చేరకుండానే గొలుసులో కలిసిపోతాయి. ఫలితంగా ఒకే పొడిలో గట్టిగా పట్టే కుహరాలు కొన్ని, వదులుగా పట్టేవి అనేకం ఉంటాయి.

మూడోది మరీ విచిత్రమైన సమస్య. ఎంత కడిగినా నమూనా అణువులు కొన్ని లోపల మిగిలిపోయి, తరువాత నెమ్మదిగా బయటికి కారుతాయి. 1994లో సెల్లర్‌గ్రెన్ మూత్రంలోని పెంటమిడిన్ అనే మందును ఇలాంటి పాలిమర్‌తో వేరుచేసి చూపించాడు. వెదికే పదార్థం అత్యల్పంగా ఉన్నప్పుడు కారినది ఏదో, రోగి నమూనా నుంచి వచ్చినది ఏదో తెలియదు. దొంగను పట్టడానికి పెట్టిన కాపలావాడి జేబులోనే దొంగసొత్తు దొరికినట్లు ఉంటుంది. దీనికి విరుగుడుగా అసలు అణువుకు బదులు దానిని పోలిన మరో అణువును నమూనాగా వాడడం మొదలుపెట్టారు. 1997లో సామెరిడిన్ అనే మందు విషయంలో ఈ ఉపాయం ఫలించింది. కారినా అది వేరే పదార్థమే గనుక లెక్క తప్పదు. దీనిని ఇంగ్లీషులో డమ్మీ అంటారు. డమ్మీ అభ్యర్థి అన్న ప్రయోగం తెలిసిన తెలుగు పాఠకులకు వివరణ అక్కరలేదు గానీ, శాస్త్ర రచనలో 'బదులు నమూనా' అనవచ్చు.

ప్రోటీన్లు, ఎంపిక పునరాగమనం

చిన్న అణువులతో సాధ్యమైనది ప్రోటీన్లతో అంత తేలిక కాదు. ప్రోటీన్ క్లోరోఫాంలో తన రూపం కోల్పోతుంది. దానికి నీరు కావాలి. నీటిలో హైడ్రోజన్ బంధాలు బలహీనపడతాయి, ఎందుకంటే ఆ బంధాలకు నీరే పోటీదారు. పైగా దట్టమైన పాలిమర్ లోపల చిక్కుకున్న పెద్ద అణువు బయటికి రాలేదు. మొత్తం ప్రోటీన్‌కు బదులు దాని అంచున ఉండే చిన్న పెప్టైడ్ ముక్కను నమూనాగా వాడడం ఒక మార్గం. పాలిమర్ ఉపరితలం మీదనే గుర్తు పడేలా చేయడం మరొకటి. ఈ రెండో పద్ధతికి ముద్ర అన్న మాట వాచ్యార్థంలోనే సరిపోతుంది. లక్క మీద ఉంగరం అద్దినట్లు పైపైన పడే గుర్తు అది. చిన్న అణువుల దగ్గర మూసకు దగ్గరగా ఉన్న ప్రక్రియ పెద్ద అణువుల దగ్గరికి వచ్చేసరికి నిజంగానే ముద్రగా మారింది.

2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖకు చెందిన కెన్నెత్ షియా, హోషినో, వారి సహచరులు ప్రకటించిన ఫలితం ఈ రంగాన్ని కుదిపింది. తేనెటీగ విషంలో ముఖ్యమైన పెప్టైడ్ మెలిటిన్. దానిని నమూనాగా చేసుకుని తయారుచేసిన నానో కణాలను, మెలిటిన్ ఎక్కించిన ఎలుకల రక్తంలోకి పంపారు. కణాలు విషాన్ని పట్టుకున్నాయి, ఎలుకల మరణాలు తగ్గాయి, కణాలూ విషమూ కలిసి కాలేయానికి చేరాయి. ప్రాణి శరీరంలో, రక్తప్రవాహంలో కృత్రిమ పాలిమర్ ప్రతిరక్షకం పని చేయడమన్నది అంతవరకు ఆశ మాత్రమే.

బ్రిటన్‌లో పిలెట్‌స్కీ బృందం అభివృద్ధి చేసిన ఘనస్థితి పద్ధతి ఇంకొక మలుపు. నమూనా అణువును గాజుపూసలకు కట్టివేసి, వాటి చుట్టూ నానో కణాలను పెరగనిస్తారు. ముందు చల్లటి ద్రావణితో కడిగితే వదులుగా పట్టినవి, మిగిలిపోయిన మోనోమర్లు కొట్టుకుపోతాయి. తరువాత వేడి ద్రావణితో కడిగితే గట్టిగా పట్టినవి విడివడి వస్తాయి. వాటినే సేకరిస్తారు. నమూనా అణువు గాజుకే అంటుకుని ఉండిపోతుంది గనుక కారిపోయే బెడద చాలావరకు తప్పుతుంది. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. కణాలు నమూనా చుట్టూ ఏర్పడడం పౌలింగ్ ఊహించిన పోత. వాటిలో మేలైనవాటిని ఏరి తీసుకోవడం బర్నెట్ చెప్పిన ఎంపిక. ఒకదానినొకటి కాదన్న దిశలుగా మొదలైన రెండు భావనలు ఒకే గాజుగొట్టంలో వరుసగా జరిగే రెండు దశలయ్యాయి అనడం అతిశయోక్తి అయినా, అబద్ధం కాదు.

వ్యాసాలు, వస్తువులు

ఈ రంగపు సాహిత్యాన్ని సమీక్షించిన రెండు సర్వేలు ఉన్నాయి. 2003 వరకు వచ్చిన రచనలను సమీక్షించిన మొదటిదానిలో 1,450కి పైగా ఆకరాలు చేరాయి. 2004 నుంచి 2011 వరకు, కేవలం ఎనిమిదేళ్ల కాలానికి సంబంధించిన రెండోదానిలో వాటి సంఖ్య 3,700 దాటింది. వ్యాసాలు పెరిగినంత వేగంగా వస్తువులు రాలేదు. రసాయన పరీక్షలకు ముందు కావలసిన పదార్థాన్ని వేరుచేసే చిన్న గొట్టాలు మాత్రం బజారులో నిలదొక్కుకున్నాయి. ప్రతిరక్షకాలకు జంతువులు కావాలి, చల్లటి నిల్వ కావాలి. ఈ పొడికి అవేవీ అక్కరలేదు. గది ఉష్ణోగ్రతలో ఎంతకాలమైనా చెక్కుచెదరదు, ఆమ్లానికీ వేడికీ తట్టుకుంటుంది.

ఆ గొట్టాలలో ఒక రకం క్లోరాంఫెనికాల్ కోసం తయారైనది. ఆహారంలో ఈ యాంటీబయాటిక్ ఆనవాళ్లు ఉండకూడదన్నది ఐరోపా, అమెరికా వంటి దిగుమతి దేశాల నియమం. దేశంలో రొయ్యల సాగుకు మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే; గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు దాకా ఉన్న చెరువుల సరుకు ఈ పరీక్ష దాటకుండా ఆ రేవులలో దిగదు. రొయ్య మాంసంలో కొవ్వు, ప్రోటీన్లు, లవణాలు కలగలిసి ఉంటాయి. వాటి మధ్య వెదకవలసిన మందు కిలోకు మైక్రోగ్రాములో కొద్ది వంతులే ఉండవచ్చు. మాంసాన్ని రుబ్బి తీసిన సారాన్ని గొట్టం గుండా పంపితే మిగతావి చాలావరకు వెళ్లిపోయి క్లోరాంఫెనికాల్ కుహరాలలో ఆగుతుంది. వేరే ద్రావణితో దానిని దించుకుంటారు. అలా దిగినది క్లోరాంఫెనికాలేనని నిర్ధారించి లెక్కగట్టే పని ఇప్పటికీ మాస్ స్పెక్ట్రోమీటర్‌దే. పాలిమర్ బాధ్యత దానిని గుంపులోంచి వేరుచేసి అప్పగించడం వరకే.